జలపాతం కన్నా ముందు గెడ్డ: మా ఎస్.కోట కొండల్లో నడవాలనుకునేవాళ్లకి

ఎస్.కోట (శృంగవరపుకోట) మండలంలో ఏఎన్ఎంగా, అంటే ఊళ్లు తిరిగే నర్సుగా, పనిచేసి రిటైరయ్యాను. దారపర్తి పంచాయతీ కొండ మీద ఊళ్లకి టీకాల పెట్టె మోసుకుని తిరిగిన కాళ్లు ఇవి. ఉద్యోగం అయిపోయినా నడక మానలేదు. సెలవులకి విజయనగరం నుంచీ విశాఖ నుంచీ మేనల్లుళ్లు, మేనకోడళ్లు వాళ్ల స్నేహితుల్ని వెంటేసుకుని దిగిపోతారు. "అత్తా, రీల్స్‌లో లేని వాటర్‌ఫాల్ ఏదైనా చూపించవా" అంటారు. చూపిస్తాను. కానీ ముందు చెప్పాల్సినవి చెప్పాకే చూపిస్తాను. అవే ఇక్కడ రాస్తున్నాను. గెడ్డ అంటే మా వైపు కొండవాగు.

ఎక్కడితో మొదలుపెట్టాలి

కొత్తవాళ్లయితే పుణ్యగిరితో మొదలుపెట్టండి. ఎస్.కోట పక్కనే, మెట్లు ఉంటాయి, గుడి ఉంటుంది, జనం ఉంటారు. వానాకాలం చివర కొండ మీంచి ధార బాగా దిగుతుంది. శివరాత్రికి మాత్రం నీళ్లు చూడాలని వెళ్లకండి, మనుషుల తలలే కనిపిస్తాయి. అక్కడ ధార కింద సబ్బు, షాంపూ ప్యాకెట్లు తీస్తే నేను ఊరుకోను. ఆ నీళ్లే కింద ఊళ్లకి పోతాయి.

తర్వాత అనంతగిరి వైపు. జిల్లా దాటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్తాం గానీ ఘాట్ రోడ్డు మా ఊరి మీంచే ఎక్కుతుంది. తాటిగుడ జలపాతానికి పెద్దగా నడక ఉండదు. బొర్రా గుహల వైపున్న కటికి జలపాతానికి జీపు దిగాక ఎక్కాలి. బొంగులో చికెన్ తినాలన్న ఆశతో అయినా పిల్లలు ఎక్కేస్తారు. సీతంపేట దగ్గర మెట్టుగూడ, సాలూరు వైపు లొద్ద కూడా మంచివే. ఇవి రెండూ 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి. మా తరం వాళ్లం మాత్రం ఇప్పటికీ సీతంపేటని శ్రీకాకుళమనే, సాలూరుని విజయనగరమనే అంటాం.

పేర్లున్న జలపాతాలు ఇవి. పేరు లేనివి ప్రతి కొండ మడతలోనూ ఉంటాయి. వాటి కోసం వెళ్లేవాళ్లకే మిగతాదంతా.

ఏ నెలలో

జూన్, జూలైలో తొలి వానలు పడతాయి. ఎండాకాలం అంతా ఎండి వదులైన రాళ్లు అప్పుడే కదులుతాయి. ఆగస్టు, సెప్టెంబర్‌లో నీళ్లు భీకరంగా ఉంటాయి, రోడ్డు మీంచి చూసి ఆనందించండి చాలు. అక్టోబర్‌లో ఎండ కాసి, కొండలు పచ్చగా, నీళ్లు నిండుగా, ఫొటోకి ఇంతకన్నా అందమైన నెల ఉండదు. మనకి తుఫాన్లు వచ్చే నెల కూడా అదే. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న వచ్చింది. తిత్లీ 2018 అక్టోబర్ 11న శ్రీకాకుళం తీరం మీద పడింది. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్త వినిపిస్తే ప్రోగ్రాం వాయిదా వేసుకోండి. తుఫాను వెళ్లిపోయిన రెండో రోజున ఎండ కాసిందని కూడా పరిగెత్తకండి. చెట్లు వేళ్లతో సహా వదులై ఉంటాయి, పాత కాలిబాటలు కొట్టుకుపోయి ఉంటాయి.

నా ఓటు నవంబర్ నడిమి నుంచి జనవరి దాకా. రాళ్లు ఎక్కి గెడ్డ పుట్టిన చోటు దాకా పోవాలన్న సరదా ఉన్నవాళ్లకి ఫిబ్రవరి ఇంకా మంచిది. నీళ్లు సన్నబడతాయి, బండలు ఆరి ఉంటాయి.

ఊళ్లోవాళ్లని ఏమని అడగాలి

కొండ ఊళ్లో "జలపాతం ఎంత దూరం?" అని అడగకండి. "ఇక్కడే, ఆ మలుపు దాటితే" అంటారు. వాళ్ల అడుగు వేరు, మీ అడుగు వేరు. "మీరు ఇక్కడ బయలుదేరితే తిరిగి వచ్చేసరికి ఏ వేళవుతుంది?" అని అడగండి. వాళ్లు చెప్పినదానికి రెట్టింపు వేసుకోండి.

ఇంకో మూడు ప్రశ్నలు నేను తప్పకుండా అడుగుతాను. దారిలో ఎన్ని గెడ్డలు దాటాలి? నిన్న, మొన్న పైన వాన పడిందా? ఆ దారిన పశువులు వెళ్తాయా? పశువులు వెళ్లే దారైతే మనం కూడా వెళ్లగలం. మేకలు మాత్రమే వెళ్తాయి అన్నారంటే ఆలోచించుకోవాలి.

ఊరి కుర్రాడినెవరినైనా తోడు తీసుకోండి. ఒక రోజు కూలి ఎంతో ముందే మాట్లాడుకుని, ఆ డబ్బు చేతిలో పెట్టండి. మిగిలిన పులిహోర పొట్లం ఇచ్చి పంపేయడం మర్యాద కాదు. పోడు చేనులో నుంచి అడ్డంగా నడవకండి. చోడి (రాగి) కంకులు కోతకి వచ్చే రోజుల్లో మీరు తొక్కిన ప్రతి అడుగూ వాళ్ల తిండే. ఆడపిల్లలు, పెద్దవాళ్లు స్నానం చేసే రేవు దగ్గర ఫోన్ బయటికి తీయొద్దు.

పార్వతీపురం, కురుపాం, సీతంపేట వైపు వెళ్లేవాళ్లు ఒక ప్రశ్న అదనంగా అడగాలి: ఏనుగులు ఎక్కడున్నాయి? ఒడిశా వైపు నుంచి వచ్చిన గుంపు కొన్నేళ్లుగా అక్కడ తిరుగుతోంది, మనుషుల ప్రాణాలు కూడా పోయాయి. ఈ పక్క ఉన్నాయని ఎవరన్నా చెప్పారంటే ఆ రోజుకి ఆ జలపాతం లేదనుకోండి.

గెడ్డ దాటడం

జలపాతం అనగానే అందరి కళ్లూ పైనుంచి పడే నీళ్ల మీదే ఉంటాయి. నేను భయపడేది దారిలో అడ్డొచ్చే మోకాలి లోతు గెడ్డకే. మన వైపు గెడ్డలన్నీ పొట్టివి. చంపావతినే చూడండి, ఆండ్ర కొండల్లో పుట్టి కోనాడ దగ్గర సముద్రంలో కలిసిపోతుంది. గోస్తని అనంతగిరి కొండల్లో బయలుదేరి, తాటిపూడి రిజర్వాయర్ మీదుగా భీమిలి చేరిపోతుంది. ఇక వాటిలో కలిసే కొండ గెడ్డలైతే మరీ పొట్టివి. పైన కొండ నెత్తిన గంట వాన పడితే చాలు, కింద ఎండలో నిలబడ్డ మీ కాళ్ల దగ్గర నీళ్లు లేస్తాయి. అంత తొందరగా లేచినవి తొందరగానే తగ్గుతాయి కూడా. వాన ఆగితే చాలాసార్లు కొన్ని గంటల్లో దారి ఇస్తాయి. అందుకే గెడ్డ దగ్గర తెలివైన పని ఒడ్డున కూర్చోవడం.

నాకు ఆ సంగతి చెప్పింది దారపర్తి వైపు ఒక ముసలాయన. పెట్టెలో టీకాలున్నాయి, ఐస్ ప్యాకులు కరిగిపోతాయి, రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి అని నా టెన్షన్ నాది. ఆయన గట్టు మీద చుట్ట కాలుస్తూ, "పైన వోన పడతంది సిస్టరమ్మా. కూకోండి. మందు పాడైతే మల్లీ తెచ్చుకోవచ్చు" అన్నాడు. కూర్చున్నాను. కాసేపటికి తేట నీళ్లు ఎర్రబడ్డాయి, ఆ వెనకే విరిగిన కొమ్మలు వచ్చాయి.

నీళ్లు లేస్తున్నాయని తెలుసుకునే పద్ధతి ఒకటుంది. గెడ్డ దగ్గరికి చేరగానే, నీటి అంచున ఒక రాయి పెట్టండి లేదా పుల్ల గుచ్చండి. పదినిమిషాలకోసారి చూడండి. పుల్ల మునిగిందా, లేచి గట్టెక్కండి. పుల్ల లేకపోయినా గుర్తులున్నాయి. తేట నీళ్లు మట్టిరంగుకి తిరగడం, ఎండుటాకులూ పుల్లలూ ఒక్కసారిగా కొట్టుకురావడం, నీళ్ల హోరు కింద రాళ్లు దొర్లే గుడగుడ శబ్దం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, వినిపించినా బ్యాగులూ చెప్పులూ ఏరుకుంటూ కూర్చోవద్దు. ఎక్కాల్సింది పక్క గట్టు పైకి. గెడ్డ వెంట కిందికి పరిగెత్తితే నీళ్లు మీకన్నా ముందుంటాయి.

దాటాల్సి వస్తే చోటు ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. ఇరుకుగా ఉన్నచోట దూరం తక్కువ అనిపిస్తుంది, కానీ అక్కడే లోతూ వేగమూ ఎక్కువ. వెడల్పుగా, గులకరాళ్ల మీద నీళ్లు పరుచుకుని పారే చోటు వెతకండి. దాటే ముందు కింది వైపు చూడండి. జారి పడితే ఎక్కడికి కొట్టుకుపోతాను? అక్కడ ఇసుక మేట ఉంటే సరే. జలపాతం అంచు ఉన్నా, బండల సందు ఉన్నా, అడ్డంగా పడ్డ చెట్టు ఉన్నా ఆ చోటు వద్దు.

చేతిలో మీ భుజం అంత ఎత్తు కర్ర ఉండాలి. నీళ్లు వచ్చే వైపుకి ముఖం పెట్టి, కర్ర ముందు ఆనించి, పక్కకి చిన్న చిన్న అడుగులు వేయండి. ఒక అడుగు కుదిరాకే రెండోది. కాళ్లు ఒకదానికొకటి అడ్డం వేయకండి. బ్యాగు నడుం పట్టీ విప్పేయండి, పడితే వదిలించుకోవాలి. చెప్పులు, బూట్లు విప్పి చేత్తో పట్టుకుని దాటేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పాదం తెగితే రోజంతా పోయినట్టే. తడిసినా సరే, వేసుకునే దాటండి. మోకాలి పైకి వచ్చి వేగంగా పారే నీళ్లు ఎవరికైనా వద్దు. నీటి వేగం రెట్టింపైతే అది నెట్టే బలం నాలుగింతలవుతుంది. పిల్లలకి వాళ్ల మోకాలే లెక్క, మీది కాదు.

పడిపోతే లేచి నిలబడే ప్రయత్నం వెంటనే చేయకండి. రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటే నీళ్లు మనిషిని ముందుకి వంచేస్తాయి. వెల్లకిలా తిరిగి, కాళ్లు కింది వైపు పెట్టి, ఒడ్డు వైపు చేతులతో కొట్టుకుంటూ రండి. లోతు తగ్గాక లేవొచ్చు.

బండలు ఎక్కడం

మన తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే రాయి ఖొండలైటు. వానకీ ఎండకీ పెళుసుబారి, ఎర్రగా పొడిపొడి అవుతుంది. అంచు పట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చేస్తుంది. అందుకే ఏది పట్టుకున్నా ముందు తట్టి చూడండి. గుల్ల శబ్దం వస్తే వదిలేయండి. పట్టు దొరికింది కదా అని బయటికి లాగకుండా, కిందికి నొక్కుతూ బరువు వేయండి. రెండు చేతులు, రెండు కాళ్లు కలిపి నాలుగింటిలో ఎప్పుడూ మూడు ఆని ఉండాలి, ఒక్కటే కదలాలి. గడ్డి దుబ్బు పట్టు కాదు. చెట్టు వేరు మంచిదే, బతికున్న చెట్టుదైతే.

తడి బండల్లో రంగు చూడండి. నల్లగా నిగనిగలాడేది, పచ్చగా మెత్తగా కనిపించేది రెండూ నాచే. బూడిద రంగులో గరుగ్గా ఉన్నచోట కాలు వేయండి. వేరే దారి లేక నాచు మీద నాలుగడుగులు వేయాల్సి వస్తే బూట్ల మీంచి పాత ఉన్ని మేజోళ్లు తొడగండి. చూసేవాళ్లు నవ్వుతారు, కానీ పట్టు దొరుకుతుంది. అసలు పద్ధతేమిటంటే, జలపాతం పైభాగానికి వెళ్లాలనుకుంటే నీటి పక్క బండ ఎక్కకుండా, దూరంగా అడవిలోంచి చుట్టూ తిరిగి ఎక్కడం. కట్టెలకి వెళ్లేవాళ్ల బాట సాధారణంగా అలాగే ఉంటుంది.

ఎక్కడం సులువు, దిగడమే కష్టం. ఎక్కేటప్పుడు పట్టు కళ్ల ముందుంటుంది, దిగేటప్పుడు కాలికి కనపడదు. దిగలేననిపించిన చోట ఎక్కకండి. నిట్టనిలువు చోట బండ వైపు తిరిగే దిగండి, లేకపోతే కూర్చుని జరగండి. ప్యాంటు చిరిగితే చిరిగింది. ఒకరి కింద ఒకరు ఎక్కొద్దు, పైవాళ్ల కాలి కింద రాయి జారితే కిందివాళ్ల తల మీదే. జలపాతం పైఅంచుకి సెల్ఫీ కోసం వెళ్లే వాళ్లకి నా దగ్గర సలహా లేదు, వాళ్లు నాతో రారు.

గుండంలో దిగేముందు

జలపాతం కింద నీళ్లు తిరిగి తిరిగి, రాళ్లు అరగదీసి గుండాలవుతాయి. తేట నీళ్లలో అడుగు కనిపిస్తోంది కదా అని దూకకండి. నీళ్లలో అడుగు ఉన్నదానికన్నా పైకి కనిపిస్తుంది. పన్నెండు అడుగుల లోతు తొమ్మిదిలా అనిపిస్తుంది. ఇంకో సంగతి ఈత వచ్చినవాళ్లకి. ధార పడే చోట తెల్లటి నురగ నీళ్లలో గాలి కలిసి ఉంటుంది, అవి మనిషిని తేల్చవు. చెరువులో బాగా ఈదేవాడు కూడా అక్కడ మునిగిపోతాడు. ధార పక్కకి రండి, గుండం కింది చివర నీళ్లు నెమ్మదించే చోట నడుం లోతు దాకా దిగండి. కర్రతో అడుగు తడిమి చూశాకే.

నా బ్యాగులో పదిహేను మీటర్ల నైలాన్ తాడు, రెండు లీటర్ల ఖాళీ సీసా ఎప్పుడూ ఉంటాయి. సీసాలో గుక్కెడు నీళ్లు పోసి మూత బిగించి తాడుకి కడితే దూరం విసరొచ్చు, నీళ్ల మీద తేలుతుంది. ఎవరైనా కొట్టుకుపోతుంటే అది విసరండి, మీరు దూకొద్దు. ఒకరిని కాపాడబోయి ఇద్దరు పోయిన ఇళ్లకి వెళ్లినదాన్ని నేను.

తాగినవాళ్లని గుండంలోకి దించకండి. దీని గురించి ఇంతకన్నా ఎక్కువ రాయను.

ఒంటి మీద, బ్యాగులో

జీన్స్ వద్దు, తడిస్తే బరువు, ఆరదు. పల్చటి ఫుల్ ప్యాంటు, ఫుల్ చేతుల చొక్కా, ప్యాంటు అంచులు మేజోళ్లలో దూర్చాలి. వీపు మీద బ్యాగు తప్ప చేతిలో సంచులేవీ ఉండకూడదు. ఫోన్ రెండు పాలిథిన్ కవర్లలో. చలికాలమైతే పొడి చొక్కా ఒకటి విడిగా చుట్టి పెట్టుకోండి, తడి బట్టలతో కొండగాలికి వణుకు పట్టుకుంటుంది. గెడ్డ నీళ్లు తేటగా ఉన్నాయని తాగొద్దు, పైన ఊరుంటుంది, పశువులుంటాయి. తిండికి పులిహోర, ఉడికించిన గుడ్లు, అరటిపళ్లు చాలు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు, ఒక్కో ప్యాకెట్ లీటరు నీళ్లకి. క్రేప్ బ్యాండేజీ ఒకటి.

నలుగురికి తక్కువైతే పేరులేని గెడ్డల వెంట వెళ్లకండి. ఒకరి కాలు విరిగితే ఒకరు పక్కన ఉండాలి, ఇద్దరు సిగ్నల్ దొరికే చోటికి వెళ్లి 108కి ఫోన్ చేయాలి. అంబులెన్స్ రోడ్డు దాకానే వస్తుంది. అక్కడి దాకా డోలీయే. గర్భిణులని డోలీ కట్టి దించిన ఊళ్లలో పనిచేశాను కాబట్టి చెబుతున్నాను, మోయడానికి నలుగురు, మార్చుకోవడానికి ఇంకో నలుగురు కావాలి. ఆ ఎనిమిది మందీ తమ చేను పని వదిలి రావాలి.

డిసెంబర్‌లో మన వైపు సాయంత్రం ఐదున్నరకే సూర్యుడు దిగిపోతాడు. కొండ మడతలో ఇంకో గంట ముందే మసక పడుతుంది. ఉదయం ఏడుకి నడక మొదలుపెట్టండి. జలపాతం చేరినా చేరకపోయినా ఒంటిగంటకి వెనక్కి తిరగండి. "ఇంకాస్తే కదా అత్తా" అని పిల్లలు బతిమాలతారు. వినకండి.

పాము కరిస్తే

రక్తపింజర, కట్లపాము, నాగుపాము మన కొండల్లో ఉన్నాయి. చేయి పెట్టే చోటు ముందు కళ్లతో చూడండి. కరిస్తే తాడుతో బిగించి కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. ఉంగరాలు, గాజులు తీసేయండి. కరిచిన కాలు కదలకుండా కర్రకి కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని దించండి. విరుగుడు మందు ఆస్పత్రిలోనే ఉంటుంది, నాటు వైద్యం దగ్గర ఆగిన ప్రతి నిమిషం వృథా. పాముని పట్టుకుని రావాల్సిన పని లేదు.

జలగలు పట్టుకుంటే లాగకుండా గోరుతో పక్కనుంచి నెట్టేయండి. రక్తం కాసేపు కారుతుంది, అంతే.

ఇంటికి వచ్చాక

ఆ రోజే వేడినీళ్లతో స్నానం చేసి, వేసుకున్న బట్టలన్నీ ఉతకండి. పొదల్లో, గడ్డి అంచుల్లో కంటికి కనపడని చిగ్గర్ పురుగులుంటాయి. అవి కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది. కుట్టిన వారం నుంచి మూడు వారాల లోపు ఎప్పుడైనా జ్వరం మొదలవ్వొచ్చు, తలనొప్పి, ఒళ్లునొప్పులు ఉంటాయి. చంకలో, గజ్జల్లో, నడుం పట్టీ దగ్గర సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉందేమో వెతకండి. అది నొప్పి పుట్టదు, అందుకే ఎవరూ చూసుకోరు. అందరికీ కనపడాలనీ లేదు. ఏజెన్సీ దోమల వల్ల మలేరియా కూడా ఇదే వ్యవధిలో బయటపడొచ్చు. రెండింటికీ మందులున్నాయి, ఆలస్యం చేస్తేనే ప్రాణం మీదకి వస్తుంది. కాబట్టి జ్వరం వస్తే మెడికల్ షాపులో బిళ్ల కొనుక్కుని పడుకోకుండా ఆస్పత్రికి వెళ్లండి. డాక్టర్ అడగకపోయినా, ఫలానా తేదీన కొండల్లో తిరిగామని మీరే ముందు చెప్పండి, రక్తపరీక్ష చేయించుకోండి.